ఖాళీ రోడ్డు మీద ఏ పక్కన తొక్కాలి?

ప్రశ్న: నాకు 53 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాం. నాలుగేళ్ల క్రితం మోకాళ్ల నొప్పులకని సైకిల్ మొదలుపెట్టాను, ఇప్పుడది లేకపోతే వారం గడవదు. ఆదివారాలు తెల్లవారకముందే బయల్దేరి గండిపేట వైపో, ఓఆర్ఆర్ సైకిల్ ట్రాక్ మీదో 40, 50 కిలోమీటర్లు తొక్కుతాను. మా అబ్బాయి లియాన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. జూన్‌లో నేనూ మావారూ మూడు వారాలు అక్కడికి వెళ్తున్నాం. ఫ్రాన్స్ పల్లెటూరి రోడ్ల మీద తొక్కాలని నా ఆశ. అబ్బాయేమో "నది ఒడ్డున తొక్కుకో అమ్మా చాలు, ఊళ్లవైపు కార్లు 80లో పోతాయి, నీకు భాష రాదు, ఏమైనా అయితే చూసేవాళ్లెవరు?" అంటున్నాడు. నేను శాకాహారిని, గుడ్డు తింటాను. ఒక్కదాన్నే వెళ్లొచ్చా? ఎటు వెళ్తే బాగుంటుంది? నేను తొక్కుతున్నంతసేపూ మావారు ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వెళ్లండమ్మా. గండిపేట రోడ్డు మీద నాలుగేళ్లు తొక్కినవాళ్లకి ఆ రోడ్లు కష్టం కావు. మీ అబ్బాయికి కార్లంటే భయం. నాకు మాత్రం అక్కడ కార్లు లేకపోవడమే భయం. ఎందుకో చెప్తాను.

నేను మొదటిసారి ఆ ప్రాంతంలో తొక్కినప్పుడు, మొదటి రెండు రోజులూ ఒళ్లు దగ్గర పెట్టుకుని కుడిపక్కనే పోయాను. మూడో రోజు ఒక చెరువు పక్కన ఆగి, గూటిలో నిలబడ్డ కొంగకి నాలుగు ఫొటోలు తీసి, నీళ్లు తాగి మళ్లీ సైకిలెక్కాను. గాలి చల్లగా ఉంది, రోడ్డు మీద పురుగు లేదు. ఓ కిలోమీటరు హాయిగా పోయాక ఎదురు మలుపులోంచి ఒక తెల్ల వ్యాన్ వచ్చింది, సరిగ్గా నా మీదికే. ఆయన బ్రేక్ వేశాడు. నేను గట్టు మీది గడ్డిలోకి దిగిపోయాను. ఆయన తిట్టలేదు, వేలితో రోడ్డు అవతలి పక్క చూపించి వెళ్లిపోయాడు. అప్పుడు అర్థమైంది, ఆ కిలోమీటరంతా నేను మన అలవాటు ప్రకారం ఎడమపక్కనే తొక్కానని.

సిటీలో ఈ తప్పు జరగదు. ముందో కారు, వెనకో బస్సు ఉంటాయి, వాటిని చూసి మనమూ సర్దుకుంటాం. ఖాళీ రోడ్డు మీద మనకి గుర్తుచేసేవాళ్లు ఉండరు. అందుకే ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను, మీరూ పెట్టుకోండి: ఎందుకు ఆగినా సరే, సైకిల్‌ని కుడి గట్టునే ఆపాలి. ఫొటో తీయాల్సింది అవతలి పక్క ఉంటే నడిచి వెళ్లండి, సైకిల్ మాత్రం కుడిపక్కనే ఉండాలి. మళ్లీ ఎక్కినప్పుడు అది ఉన్న పక్కనే బయల్దేరుతుంది. హ్యాండిల్‌కి ఎడమవైపు ఎర్ర దారం కట్టుకున్నా మంచిదే, రోడ్డు మధ్య గీత ఎప్పుడూ ఆ దారం వైపే ఉండాలి. మీకు అద్దం అలవాటుంటే దాన్ని కూడా ఎడమ చివరన బిగించుకోండి, వెనకనుంచి వచ్చే బండి అటునుంచే దాటుతుంది. ఎడమకి తిరగాల్సి వస్తే మొదటి వారం ధైర్యాలు చేయకండి. కుడి అంచున ఆగి, రెండువైపులా చూసుకుని, సైకిల్ నడిపించుకుంటూ దాటండి. రౌండబౌట్‌లో అందరూ గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతారు, అదీ ఒకసారి మనసులో తిప్పి చూసుకోండి.

బ్రేకుల సంగతి ఇంకా ముఖ్యం. స్కూటర్ అయినా సైకిల్ అయినా మన చేతికి కుడి బ్రేక్ అంటే ముందు చక్రం. అక్కడ అద్దెకిచ్చే సైకిళ్లకి ఎడమ బ్రేక్ ముందు చక్రానికీ, కుడి బ్రేక్ వెనక చక్రానికీ ఉంటుంది. మీరు వెనక బ్రేక్ అనుకుని ఎడమ చేత్తో గట్టిగా నొక్కితే సైకిల్ తలకిందులవుతుంది. షాపులో తీసుకునేటప్పుడే అడిగితే కొందరు కేబుళ్లు మార్చి ఇస్తారు. ఇవ్వకపోతే ఖాళీ స్థలంలో అరగంట తొక్కి, చేతికి కొత్త పాఠం వచ్చాకే రోడ్డెక్కండి. మీ సీటు, పెడల్స్ ఇంటినుంచి తీసుకెళ్లండి. బరువు ఎక్కువుండదు, మూడు వారాలు ఒళ్లు నొప్పుల్లేకుండా గడుస్తాయి.

ఇక మీ అబ్బాయి చెప్పిన 80. అది నిజమే. మధ్యలో డివైడర్ లేని మామూలు రోడ్ల మీద 2018 నుంచి వేగపరిమితి 80, కొన్ని జిల్లాలు తర్వాత మళ్లీ 90కి మార్చుకున్నాయి. కానీ అదే చట్టం ప్రకారం ఊరి బయట సైకిల్‌ని దాటే కారు మీటరున్నర దూరం వదలాలి, ఊళ్లో అయితే మీటరు. పల్లెల్లో చాలామంది దీన్ని పాటిస్తారు. మలుపు దగ్గర దాటలేకపోతే హారన్ కొట్టకుండా మీ వెనకే నిదానంగా వస్తారు. మనకి హారన్ అంటే "వస్తున్నా, చూసుకో" అని. వాళ్లకి హారన్ అంటే కోపం. అందువల్ల వెనక కారున్నట్టు మీకు తెలియకపోవచ్చు, అద్దం చూస్తూ ఉండండి. కారు కనబడగానే మన అలవాటు ప్రకారం మట్టిలోకి దిగిపోకండి. అక్కడ తారు అంచు దాటితే గడ్డి, గడ్డి కింద కాలువ. అంచు నుంచి ఒక మీటరు రోడ్డు లోపలికి ఉండి, చేతులు వణక్కుండా, నేరుగా తొక్కండి. మీరు తిన్నగా పోతుంటే వాళ్లే దాటుకుంటారు. చెవిలో పాటలు మాత్రం వద్దు. సైకిల్ మీద ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే 135 యూరోల ఫైన్. ఆ రోడ్ల మీద వినాల్సింది వేరే చాలా ఉంది కూడా.

మనవాళ్లు తెలియక పొరబడే రూల్ ఒకటుంది. ఊళ్లో నాలుగు రోడ్ల కూడలిలో ఏ బోర్డూ లేకపోతే, కుడిపక్క నుంచి వచ్చేవాడిదే ముందు హక్కు. మీరు పెద్ద వీధిలో ఉన్నా, వాడు గోడల మధ్య సందులోంచి ట్రాక్టర్‌తో వచ్చినా అంతే. వాడు ఆగి చూడడు కూడా, మీరు ఆగుతారని వాడికి తెలుసు. తెల్ల అంచుతో పసుపుపచ్చ డైమండ్ బోర్డు ఉన్న రోడ్డు మీద మాత్రం హక్కు మీది. ఆ డైమండ్ మీద నల్ల గీత కొట్టి ఉంటే ఆ హక్కు అయిపోయిందని అర్థం. ఊరి పేరు బోర్డు దాటగానే కాస్త నెమ్మదించి ప్రతి కుడి సందులోకీ తొంగి చూడటం అలవాటు చేసుకోండి.

ఏ రోడ్డు ప్రశాంతమో తెలుసుకోవడం ఎలా? రోడ్ల పేర్లలో ఎ అంటే ఆటోరూట్ (మన ఎక్స్‌ప్రెస్‌వే లాంటిది), ఎన్ అంటే నేషనల్, డి అంటే జిల్లా రోడ్డు. ఆటోరూట్ మీదికి సైకిల్‌ని రానివ్వరు. డి అని కనబడితే చాలు పల్లె రోడ్డేనని సంబరపడేవాళ్లున్నారు, అక్కడే బోల్తా పడతారు. 2006లో ప్రభుత్వం వేల కిలోమీటర్ల జాతీయ రహదారుల్ని జిల్లాలకి అప్పగించింది. అలా ఎన్ 83 అనే పెద్ద రోడ్డు డి 1083 అయింది. పేరు మారింది, లారీలు మారలేదు. కాబట్టి వెయ్యి దాటిన అంకె కనబడితే దూరంగా ఉండండి. ఫోన్ కంటే కాగితం మ్యాప్ ఈ విషయంలో నయం. మిషెలిన్ మ్యాప్‌లో ఎర్ర రోడ్లు వదిలేయండి, పసుపు రోడ్లు అవసరమైతేనే తొక్కండి, తెల్లవి మీవి. పక్కన పచ్చ గీత ఉంటే ఆ దారి అందంగా ఉంటుందని వాళ్ల లెక్క. మ్యాప్‌లో రోడ్డు గీత మీద బాణం ములుకుల్లాంటి గుర్తులుంటే అక్కడ ఎత్తు. ఒక ములుకు అంటే మీరు మాట్లాడుతూ ఎక్కలేరు, మూడు అంటే దిగి నడవాలి.

ఎటు వెళ్లాలన్నారు కదా. లియాన్‌కి ఈశాన్యంగా, రైల్లో గంటలోపు దూరంలో దోంబ్ అనే ప్రాంతం ఉంది. ఫ్రాన్స్ అనగానే అందరూ ఆల్ప్స్ కొండలు, ద్రాక్ష తోటలు అంటారు. మీకు నేను చెప్పేది చెరువుల దేశం. వెయ్యికి పైగా చెరువులు, నేల దాదాపు బల్లపరుపు, మధ్యలో ఎర్ర ఇటుక ఇళ్ల ఊళ్లు. ఈ చెరువులు సహజమైనవి కావు. మధ్యయుగాల నుంచి మనుషులు గట్టు కట్టి నిలిపినవి. పై చెరువు నీళ్లు కింది చెరువులోకి, అక్కడినుంచి ఇంకా కిందికి దిగుతాయి. మన గొలుసుకట్టు చెరువులే అనుకోండి. కాకపోతే మనవి వరికి, వాళ్లవి చేపలకి. కొన్నేళ్లు నీళ్లు నింపి చేపలు పెంచి, తర్వాత ఒక ఏడు తూము ఎత్తి ఎండబెట్టి అందులో ఓట్స్, మొక్కజొన్న వేస్తారు. మన శిఖం సాగు చూసినవాళ్లకి ఆ చేను చూడగానే నవ్వొస్తుంది. చెరువు గట్టు మీద సైకిల్ ఆపి, పక్క మడిలో నీళ్లకి బదులు మోకాలెత్తు మొక్కజొన్న చూస్తూ నేను చాలాసేపు నిలబడిపోయాను.

లియాన్ పార్ దియూ స్టేషన్‌లో బుర్గ్ ఆన్ బ్రెస్ వైపు వెళ్లే టీఈఆర్ అనే ప్రాంతీయ రైలెక్కి విలార్ లె దోంబ్‌లో దిగండి. సైకిల్‌ని రైల్లోకి ఎక్కించుకోవచ్చు, కానీ చోటు తక్కువ, ఆఫీసు వేళలు తప్పించండి. నేను చెప్పిన డి 1083 ఈ ఊరి మధ్యనుంచే పోతుంది. దాన్ని దాటేసి పడమటికి తిరగండి, రెండు కిలోమీటర్లలో లోకం మారిపోతుంది. బూలిన్యూ అనే ఊళ్లో చెరువు పక్కన పాత ఇటుక కోట ఉంది. అక్కడినుంచి సాంద్రాన్స్ మీదుగా షాతియోన్ సుర్ షలరోన్. ఆ ఊళ్లో 17వ శతాబ్దపు చెక్క సంత మండపం ఉంది. దూలాలే మనిషి నడుమంత లావు. శనివారం పొద్దున సంత కూడా అక్కడే. వెళ్లి వేరే దారిన తిరిగొచ్చినా మీ ఆదివారం దూరం దాటదు.

ఇప్పుడు అసలు విషయం. అక్కడ కిలోమీటర్లు లెక్కపెట్టుకోకండి, గడియారం చూసుకోండి. ఆ ఊళ్లన్నీ పన్నెండింటికి తలుపులేస్తాయి. చర్చి గంట పన్నెండు కొట్టడం, బేకరీ షట్టర్ దిగడం దాదాపు ఒకేసారి. రెండున్నర, మూడు దాకా మనిషి కనబడడు, కుక్క కూడా నీడలో పడుకుంటుంది. హోటళ్లలో వంట పన్నెండుకి మొదలై ఒకటిన్నరకి ఆగిపోతుంది. రెండింటికి వెళ్లి ఆకలంటే కాఫీ ఇస్తారు, అన్నం పెట్టరు. ఆదివారం మధ్యాహ్నం నుంచి ఇంకా ఖాళీ, సోమవారం చాలా బేకరీలకి సెలవు. మనకి ఏ ఊరి మొదట్లో అయినా టీకొట్టు, బజ్జీల బండి ఉంటాయి కాబట్టి ఇది ఊహకి అందదు. నేను మొదటి సోమవారం మూడు ఊళ్లు తిరిగి మూసిన మూడు బేకరీలు చూశాక, జేబులో మిగిలిన నాలుగు ఖర్జూరాలతో ముప్పై కిలోమీటర్లు తొక్కాను. వాటికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

అందుకని పదకొండున్నర లోపే ఒక బాగెట్, అంటే పొడవాటి రొట్టె, కొనేయండి. పాత పద్ధతి బాగెట్‌ని ట్రాడిసియోన్ అంటారు. 1993 నాటి ఉత్తర్వు ప్రకారం అందులో ప్రధానంగా పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్టే ఉండాలి, కాబట్టి మీకు బెంగ లేదు. మీ అబ్బాయి ఇంట్లో కరివేపాకు పొడి ఉంటుంది కదా, చిన్న డబ్బాలో వేసుకోండి. బాగెట్ చీల్చి, వెన్న రాసి, ఆ పొడి చల్లుకుని చెరువు గట్టు మీద తిని చూడండి. ఫ్రెంచివాళ్లు ఏమనుకుంటారో అక్కర్లేదు, చుట్టుపక్కల ఎవరూ ఉండరు.

హోటల్లో తినేటట్టయితే కాస్త జాగ్రత్త. దోంబ్‌లో పేరున్న వంటకాలు కప్ప కాళ్లు, చెరువు చేప. "వెజిటేరియన్" అంటే చేప పర్లేదనుకునేవాళ్లున్నారు, అందుకని "ని వ్యాండ్, ని ప్వాసోన్" అనండి, మాంసమూ వద్దు చేపా వద్దు అని. వేడి మేక చీజ్ సలాడ్ చాలాచోట్ల దొరుకుతుంది, కానీ దాని మీద పంది మాంసం ముక్కలు చల్లడం వాళ్లకి మనం కొత్తిమీర చల్లినట్టు. "సాన్ లార్దోన్" అంటే అవి వేయరు. ఆమ్లెట్ ఎక్కడైనా చేస్తారు. చీజ్‌లు చాలావరకు దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో తోడుపెడతారు, ఆ పట్టింపు ఉంటే మీరే నిర్ణయించుకోండి. ఇంకో రోజు మెక్సిమ్యూ స్టేషన్‌లో దిగి పెరూజ్ అనే పాత కొండ ఊరికి వెళ్తే, అక్కడ వెన్న, చక్కెరతో చేసే పల్చటి గాలెట్ అమ్ముతారు. ఆ ఊరి వీధులన్నీ గుండ్రాళ్లు, సైకిల్ దిగి నడవాల్సిందే.

జూన్‌లో ఎండ 35 దాటే రోజులు ఉంటాయి, రెండు సీసాలు పెట్టుకోండి. నీళ్లు ఎక్కడ దొరుకుతాయి? ఊరి కూడలిలో కొళాయి ఉంటే బోర్డు చదవండి. "ఓ పోతాబ్ల్" అంటే తాగొచ్చు, ముందు "నోన్" అని ఉంటే తాగకూడదు. కొళాయి లేని ఊళ్లో శ్మశానం గేటు తీసుకుని లోపలికి వెళ్లండి. నవ్వకండి, సైకిల్ తొక్కేవాళ్లందరికీ తెలిసిన రహస్యం అది. పూల మొక్కలకి నీళ్లు పోయడానికి అక్కడ కొళాయి ఉంటుంది, మామూలుగా ఊరికొచ్చే నీళ్లే. అక్కడ కూడా బోర్డు చూసుకోండి. మా అమ్మకి ఈ సంగతి చెప్తే ఇంట్లోకి రానిచ్చేముందు నాకు తలస్నానం చేయించేది. టాయిలెట్ కావాలంటే చర్చి పక్కనో, మున్సిపల్ ఆఫీసు వెనకో చూడండి, బోర్డు మీద "మేరీ" అని ఉండేదే ఆ ఆఫీసు.

భాష గురించి దిగులు వద్దు. ఒక్క మాట మాత్రం తప్పనిసరి. షాపులోకి అడుగు పెట్టగానే, ఏదీ అడగకముందే "బోంజూర్" అనాలి. అది చెప్పకుండా నేరుగా ఇంగ్లీషులో మొదలుపెడితే మనిషి ముడుచుకుపోతాడు. చెప్పాక మీరు సైగలతో అడిగినా ఓపిగ్గా చూస్తాడు.

ఒంటరిగా వెళ్లొచ్చా అంటే, నా సలహా ఇది. మొదటి రోజు మీ అబ్బాయిని వెంట రమ్మనండి, మీకోసం కాదు, అతని భయం తీరడం కోసం. తర్వాత ఒక్కరే వెళ్లండి. ఫోన్‌లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, కొన్ని చోట్ల సిగ్నల్ ఉండదు. లొకేషన్ పంపుతూ, ఏ ఊరి మీదుగా ఏ ఊరికో కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. ఆపద వస్తే 112. మీరెక్కడున్నారో చెప్పడానికి రోడ్డు పక్కన పసుపు తలకట్టున్న చిన్న రాళ్లు చూడండి, వాటి మీద రోడ్డు నంబరు, కిలోమీటరు ఉంటాయి. ఆ రెండు అంకెలు, కిందటి ఊరి పేరు చెప్తే చాలు. రెండు ట్యూబులు, పంపు ఉంచుకోండి. పంక్చర్ అతకడం రాకపోతే వెళ్లేలోపు నేర్చుకోండి, అక్కడ రోడ్డు పక్కన టైరు వేలాడదీసిన షాపులుండవు.

వేసవిలో వాళ్లు రోడ్లకి మరమ్మతు చేసే పద్ధతి ఒకటి చెప్పాలి. తారు పోసి, పైన సన్న కంకర చల్లి, వాహనాలే తొక్కి అణుస్తాయని వదిలేస్తారు. "గ్రావియోన్" అని బోర్డు పెడతారు. అది కనబడితే వేగం తగ్గించి, మలుపులో బ్రేక్ ముట్టకుండా తొక్కండి. నా మోచేతి మీద మచ్చ ఆ బోర్డు చదవకపోవడం వల్ల వచ్చిందే. టైర్లు 28 కంటే 32 మిల్లీమీటర్లవి దొరికితే తీసుకోండి. సంజె వేళ తొక్కితే మెరిసే జాకెట్, లైట్లు ఉండాలి. రాత్రిపూట ఊరి బయట ఆ జాకెట్ లేకపోతే నేరం. లియాన్ వైపు జూన్‌లో తొమ్మిదిన్నర దాకా పొద్దు గుంకదు, కాబట్టి మీకు ఆ అవసరం రాకపోవచ్చు.

రెండో వారానికి కాళ్లు కుదురుకుంటే లియాన్‌కి ఉత్తరంగా ఉన్న క్లూనీ అనే ఊరి వైపు వెళ్లండి. మాకోన్ నుంచి క్లూనీకి పాత రైలు మార్గం మీద కార్లు రాని దారి ఉంది. మధ్యలో కొండ కింద 1600 మీటర్ల సొరంగం, బయట ఎంత మండినా లోపల వణుకు పుడుతుంది. చలికాలం గబ్బిలాల కోసం దాన్ని మూసేస్తారు, జూన్‌లో తెరిచే ఉంటుంది. క్లూనీ నుంచి ఉత్తరంగా జీవ్రీ దాకా పోయే ముక్కే 1997లో ఫ్రాన్స్‌లో మొదటగా తెరిచిన ఇలాంటి దారి. చుట్టూ కొండలు, తెల్లని షారొలే ఆవులు. మీకు తెలిసినవాళ్లలో బ్రెవేలు, అంటే గడువు పెట్టుకుని తొక్కే దూరపు సైకిల్ సవారీలు, చేసేవాళ్లెవరైనా పారిస్–బ్రెస్ట్–పారిస్ అనే పెద్ద సవారీకి వెళ్లొచ్చి ఉంటే వాళ్లనీ అడగండి. అర్ధరాత్రి ఇంటి ముందు బల్ల వేసి, తెలియనివాళ్లకి కాఫీ పోసే పల్లెల గురించి చెప్తారు.

ఇక మీవారు. ఆయనకి ఇష్టమైతే మోటారు సైకిల్ కాని మోటారు సైకిల్ ఒకటి అద్దెకి తీసుకోండి, ఎలక్ట్రిక్ సైకిల్. గంటకి 25 కిలోమీటర్ల దాకా మోటారు సాయం చేస్తుంది, లైసెన్స్ అడగరు. తొక్కనంటే విలార్ లె దోంబ్‌లో పెద్ద పక్షుల పార్కు ఉంది, మీతోపాటే రైలెక్కి అక్కడ దిగి పొద్దునంతా గడపొచ్చు. కానీ ఆయనకి అప్పగించాల్సిన అసలు పని వేరే. మీరు ఎనిమిదింటికే బయల్దేరండి, ఆయన్ని పన్నెండుంబావుకల్లా ఊళ్లో హోటల్ దగ్గరికి వెళ్లి ఇద్దరికి బల్ల పట్టుకుని కూర్చోమనండి. మీరు ఒంటిగంట లోపు రాకపోతే మీ ఆమ్లెట్ కూడా ఆయనే ఆర్డర్ చేసేయాలి. ఒకటిన్నర తర్వాత అడిగినా చేయరు.